ఉచితం అంటే భిక్ష కాదు

ఒక్క డాలరు. కొట్లాటంతా ఆ ఒక్క డాలరు దగ్గర మొదలైంది.

1959లో న్యూయార్క్ నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ ఒక హుకుం జారీ చేశాడు. సెంట్రల్ పార్కులో ఎండాకాలం షేక్‌స్పియర్ నాటకాలు ఆడాలంటే చూడవచ్చినవాళ్ల దగ్గర ఒకటి, రెండు డాలర్ల టికెట్టు వసూలు చెయ్యాలె. వచ్చిన సొమ్ములో పార్కుల శాఖకు వాటా కట్టాలె. ఎందుకయ్యా అంటే, జనం కూర్చుంటే గడ్డి పాడవుతున్నదట! నాటకాలు ఆడిస్తున్న జోసెఫ్ పాప్ కుదరదన్నాడు. టికెట్టు పెట్టే ప్రసక్తే లేదన్నాడు.

డాలరే కదా, దానికింత మొండితనం ఎందుకు అనిపించవచ్చు. కానీ డాలరు పెడితే ఆ డాలరు లేనివాడు బయటే ఉండిపోతాడు. ఉన్నవాడు లోపలికి వచ్చినా పౌరుడిగా రాడు, గిరాకీగా వస్తాడు. పార్కు జనానిది, అందులో రంకలేదు. మరి ఆ పార్కులో ఆడే నాటకం ఎవరిది? ఆనాటి కొట్లాట అడిగింది ఇదే. అరవై ఏండ్లు దాటినా ఈ ప్రశ్న పాతబడలేదు. గేటు దగ్గర డాలరు అడిగే అధికారి పోయాడు గానీ, చెక్కు రాసిచ్చి స్టేజీ మీద పెత్తనం అడిగే కంపెనీలు వచ్చాయి. ఉచిత ప్రదర్శనలు బాగున్నాయని చప్పట్లు కొట్టి ఊరుకుంటే సరిపోదు. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో, భరించినందుకు బదులుగా ఏం అడుగుతున్నారో తెలుసుకోవాలె.

ఎవరీ మోజెస్, ఎవరా పాప్?

ఇద్దరి బలాబలాలు చూడండి. మోజెస్ 1934 నుంచి పార్కుల కమిషనర్. ఒక్క ఎన్నిక గెలవకుండానే దశాబ్దాల పాటు న్యూయార్క్ రోడ్లను, వంతెనలను, పార్కులను తన చెప్పుచేతల్లో పెట్టుకున్న మనిషి. పిల్లలకు వందల ఆటస్థలాలు కట్టించిన మాట నిజం. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కోసం వేలమందిని ఇండ్లు ఖాళీ చేయించిన మాటా అంతే నిజం. మేయర్లు సైతం ఆయనతో పెట్టుకోవడానికి జంకేవారు.

పాప్ 1921లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన పేద యూదు కుటుంబం. తండ్రి ట్రంకుపెట్టెలు తయారు చేసే కార్మికుడు. పాప్‌కు షేక్‌స్పియర్ దొరికింది సర్కారు బడిలో, ప్రజా గ్రంథాలయంలో. పుస్తకాన్ని పైసా అడగకుండా ఇచ్చే గ్రంథాలయం ఊరికొకటి ఉన్నప్పుడు నాటకం కూడా అట్లనే ఎందుకు ఉండకూడదన్నది ఆయన వాదన. 1954లో ఒక చర్చిలో చిన్న నాటక బృందంతో మొదలుపెట్టాడు. 1956లో ఈస్ట్ రివర్ పార్కులో, కూలినాలి కుటుంబాలు ఉండే పేటల పక్కన, బహిరంగ వేదిక మీద 'జూలియస్ సీజర్' ఆడించాడు. 1957లో ట్రక్కు మీద స్టేజీ పెట్టుకొని వాడవాడకూ తిరిగి, చివరకు సెంట్రల్ పార్కులో దిగాడు. పొట్టకూటికి సీబీఎస్ టెలివిజన్‌లో స్టేజ్ మేనేజర్ కొలువు, రాత్రిపూట నాటకం. ఉద్యోగం చేస్తూ ఉద్యమం నడిపినవాళ్లకు ఈ అవస్థ ఏందో వేరే చెప్పనక్కర లేదు.

ఆ కొలువు కూడా నిలవనియ్యలేదు. 1958లో అమెరికా చట్టసభ కమ్యూనిస్టుల వేట కమిటీ పాప్‌ను పిలిచి ప్రశ్నించింది. ఇతరుల పేర్లు చెప్పడానికి ఆయన నిరాకరించాడు. సీబీఎస్ ఉద్యోగం ఊడబీకింది. యూనియన్ అండతో మధ్యవర్తిత్వానికి పోయి మళ్లీ సంపాదించుకున్నాడు. మరుసటి సంవత్సరమే టికెట్టు గొడవ. పాప్ పాత రాజకీయాలను బయటపెట్టే ఒక ఆకాశరామన్న ఉత్తరం ప్రతులను మోజెస్ కార్యాలయం పంచిపెట్టింది. గడ్డి గురించి మొదలైన వాదన మనిషి మీద ముద్ర వేసే దాకా పోయింది. అడిగినదానికి జవాబు లేనప్పుడు అడిగినవాడి మీద ముద్ర వెయ్యడం ఏ దేశ పాలకులకైనా అలవాటే.

పాప్ కోర్టుకు పోయాడు. కింది కోర్టు మోజెస్ పక్షాన నిలిచింది. 1959 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. ఉచితంగా ఆడతానన్నవాడిని టికెట్టు పెట్టి తీరాలని నిర్బంధించడం అడ్డగోలు అధికారమని తేల్చింది. ఒక మామూలు నాటక బృందం న్యూయార్క్‌లోకెల్లా బలమైన అధికారిని ఓడించింది.

గెలిచాక ఖర్చు సంగతి

గెలిచినంత మాత్రాన లైట్లు వెలగవు, బల్లలు లేవవు. పచ్చిక బాగుకు, ఏర్పాట్లకు డబ్బు కావాల్సి వచ్చింది. అప్పుడు ప్రైవేటు దాతలు ముందుకు వచ్చారు. ఆ ఆగస్టులోనే మళ్లీ నాటకం ఆడింది. విచిత్రం ఏందంటే, ఓడిన మోజెస్సే తర్వాత పార్కులో శాశ్వత వేదిక కట్టడానికి నగర పాలకవర్గాన్ని నిధులు అడిగాడు. ప్రచురణకర్త జార్జ్ డెలకోర్ట్ లక్షా యాభై వేల డాలర్లు ఇచ్చాడు. మిగతాది నగరం పెట్టుకున్నది. 1962 జూన్‌లో దాదాపు 1,800 మంది కూర్చునే డెలకోర్ట్ థియేటర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'తో మొదలైంది. అప్పటి నుంచి 50 లక్షల మందికి పైగా అక్కడ టికెట్టు కొనకుండా నాటకం చూశారు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలె. దాత తర్వాత వచ్చాడు. హక్కు ముందు వచ్చింది. కోర్టు తీర్పు లేకుంటే డెలకోర్ట్ ఇచ్చిన సొమ్ముతో కట్టేది టికెట్ల కౌంటర్ ఉన్న థియేటరే అయ్యేది. ఉచితం అన్నది దాత దయతో పుట్టలేదు. పైసలు లేని బృందం కొట్లాడి నిలబెట్టిన సూత్రానికి దాత చేయి కలిపాడు. చరిత్ర చెప్పేటప్పుడు మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. భవనం మీద దాత పేరు ఉంటుంది. కొట్లాట ఏ గోడ మీదా కనబడదు.

ఆ సూత్రం ఎవరికి తలుపు తెరిచిందో కూడా చూడాలె. నల్లజాతి నటులకు పెద్ద రంగస్థలాల మీద నౌకరు వేషాలే దొరికే రోజుల్లో పాప్ వాళ్లకు షేక్‌స్పియర్ పాత్రలు ఇచ్చాడు. 1964లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ డెలకోర్ట్ వేదిక మీద ఒథెల్లో. 1973లో లియర్ రాజు కూడా ఆయనే. టికెట్టు కొనే గిరాకీ ఏమనుకుంటాడో అన్న భయం లేనప్పుడే ఇట్లాంటి తెగువ సాధ్యమైంది.

2017లో ఏం జరిగింది?

దానం మీద బతికే కళకు అసలు పరీక్ష 2017లో వచ్చింది. ఆ ఎండాకాలం డెలకోర్ట్‌లో 'జూలియస్ సీజర్' ఆడారు. సీజర్ వేషధారి అచ్చం అప్పటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌లాగే సూటు వేసుకొని, పొడుగు టై కట్టుకొని వచ్చాడు. కథ ప్రకారం సెనేట్‌లో సీజర్‌ను పొడిచి చంపుతారు. గొడవ లేచింది. డెల్టా ఎయిర్‌లైన్స్ తన ఆర్థిక సాయాన్ని మొత్తం ఆపేసింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఆ నాటకానికి ఇచ్చే మద్దతు వెనక్కి తీసుకున్నది. ప్రభుత్వ కళల నిధి సంస్థ కూడా ఈ ప్రదర్శనలో మా పైసలు లేవంటూ ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకున్నది. ఒక రాత్రి నిరసనకారులు స్టేజీ ఎక్కారు.

ఆ నాటకం చెప్పేదేమిటో తెలిసినవాళ్లకు ఈ గొడవ నవ్వు తెప్పిస్తుంది. సీజర్‌ను చంపి గణతంత్రాన్ని కాపాడుదామనుకున్నవాళ్లే గణతంత్రాన్ని నాశనం చేసుకుంటారు. హత్యతో ప్రజాస్వామ్యం నిలవదని చెప్పే నాటకం అది. అయినా కంపెనీలకు కథ చివరిదాకా వినే ఓపిక లేదు. 2012లో మినియాపొలిస్ గత్రీ థియేటర్‌లో ఒబామాను పోలిన సీజర్ వచ్చినప్పుడు ఇంత రచ్చ కాలేదు. నాటకం అదే, చావు అదే. తేడా ఎక్కడున్నది? కంపెనీ చూసేది కళను కాదు, తన పేరు పడిన కరపత్రాన్ని.

ప్రదర్శనలు మాత్రం ఆగలేదు. ప్రకటించిన ఆఖరు రోజు దాకా ఆడారు. ఎందుకు ఆడగలిగారు? ఆ థియేటర్ ఒక్క కంపెనీ మీదనో, ఒక్క దాత మీదనో బతకడం లేదు కాబట్టి. నగర నిధులు ఉన్నాయి, ఫౌండేషన్లు ఉన్నాయి, వేలమంది చిన్న దాతలు ఉన్నారు. సొంత సంపాదన కూడా ఉన్నది. పాప్ కాలంలో అదే సంస్థ తయారుచేసిన 'ఎ కోరస్ లైన్' 1975లో బ్రాడ్‌వేకు పోయి 1990 దాకా ఆడింది. టికెట్టు పెట్టి ఆడిన ఆ నాటకం లాభాలు పార్కులో టికెట్టు లేని నాటకాలకు అక్కరకొచ్చాయి. ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు ఉన్నది. ఒక్కటే తలుపు ఉన్నవాళ్లయితే ఆ రాత్రే సీజర్ సూటు విప్పేవాళ్లు.

అట్లని వాళ్లకు కష్టాలు లేవని కాదు. కరోనా తర్వాత ఖర్చులు పెరిగి, చూసేవాళ్లు తగ్గి, 2023లో ఆ సంస్థ తన సిబ్బందిలో దాదాపు ఐదో వంతు మందిని తొలగించింది. డెలకోర్ట్ థియేటర్‌ను మాత్రం 8.5 కోట్ల డాలర్లతో బాగుచేసి 2025 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అందులో పెద్ద వాటా నగర ఖజానాదే. భవనానికి పైసలు దొరికినంత సులువుగా అందులో పనిచేసే మనిషికి దొరకవు. భవనానికి పేరు పెట్టుకోవచ్చు, జీతానికి పేరు పెట్టుకోలేరు కదా!

దానంలో మన పైసా

దానం అంటే దాత సొంత సొమ్మే అనుకుంటాం. కొంత వరకే అది నిజం. అమెరికాలో ధర్మ సంస్థలకు ఇచ్చిన విరాళానికి 1917 నుంచి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉన్నది. దాత వంద ఇస్తే, అందులో కొంత ఆయన ఎట్లాగూ సర్కారుకు కట్టాల్సిన పన్నే. అంటే ఆ వందలో జనం వాటా ఉన్నది. పాత పన్ను పద్ధతిలో 80జీ రసీదు జతచేసే మన ఉద్యోగులకు ఈ లెక్క బాగా ఎరుకే. జనం పైసా కలిసిన దానానికి జనం మాట కూడా ఉండాలె. ఫలక మీద పేరు దాతకే, గౌరవమూ దాతకే. కానీ ఏ నాటకం ఆడాలె, ఏ పాట పాడొద్దు అని చెప్పే అధికారం ఆ పేరుతో పాటు రాదు.

అయితే మొత్తం సర్కారు పైసలతోనే నడపాలనేవాళ్లు ఉన్నారు. నాకూ మొగ్గు అటే. కానీ సర్కారు పైసలు కూడా ఎప్పుడు వెనక్కి పోతాయో చెప్పలేం. 2025 మేలో అమెరికా కేంద్ర కళల నిధి సంస్థ దేశమంతటా ఎన్నో కళా సంస్థలకు మంజూరు చేసిన గ్రాంట్లను ఉన్నట్టుండి రద్దు చేసింది. కంపెనీ అలిగినా, సర్కారు అలిగినా ఫలితం ఒక్కటే. కాబట్టి పుచ్చుకోవాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. ఏ ఒక్కరి అలకకూ స్టేజీ కూలకుండా ఎట్లా కట్టుకోవాలె అన్నది ప్రశ్న.

రోడ్లకు, దవాఖానాలకు లేని పైసలు నాటకాలకెందుకని ఇంకొందరు అడుగుతారు. వాళ్లకు షికాగోను చూపించాలె. 1935లో, ఆర్థిక మాంద్యం నడిమధ్యలో, ఆ నగరం గ్రాంట్ పార్కులో ఉచిత సంగీత కచేరీలు మొదలుపెట్టింది. మాట్లాడే సినిమా వచ్చి థియేటర్లలో వాయించే కళాకారుల కొలువులు అంతకు ముందే పోయాయి. పైన మాంద్యం. సంగీత కళాకారుల యూనియన్ నాయకుడు జేమ్స్ పెట్రిల్లో పట్టుబట్టాడు. నగర పార్కుల సంస్థ ముందుకు వచ్చింది. టికెట్టు కొనలేని జనానికి పాట దొరికింది, పని లేని వాద్యకారుడికి కూలి దొరికింది. ఆ ఉత్సవం ఇప్పటికీ నడుస్తున్నది. చూసేవాడికి ఉచితం అంటే ఆడేవాడికి ఉపవాసం కాదని షికాగో చూపించింది. పాప్ తొలి నాటకాల్లో నటులు జీతం లేకుండానే ఆడారు. ఉద్యమానికి మొదట్లో అది తప్పదేమో. కానీ అదే పద్ధతిగా స్థిరపడితే కళాకారుడే అందరికన్నా పెద్ద దాత అవుతాడు, ఆయన పేరు ఏ ఫలక మీదా ఉండదు. "వచ్చి రెండు పాటలు పాడిపో అన్నా" అన్న పిలుపు మన కళాకారులకు కొత్త కాదు. తిరుగు చార్జీలు ఎవరిస్తారో ఆ పిలుపులో ఉండదు.

వరుసలో ఎవరు నిలబడగలరు?

డెలకోర్ట్‌లో టికెట్టుకు ధర లేదు, కానీ దాని కోసం వరుస ఉన్నది. పెద్ద నటులు ఆడే రోజుల్లో తెల్లవారకముందే జనం పార్కు దగ్గర నిలబడతారు. పొద్దంతా నిలబడే తీరిక ఎవరికుంటుంది? రోజుకూలికి ఉండదు, ఇద్దరు పిల్లల తల్లికి ఉండదు. 2010లో అల్ పాసినో షైలాక్‌గా ఆడినప్పుడు డబ్బు తీసుకొని వరుసలో నిలబడేవాళ్లు బయలుదేరారు. ఉచిత టికెట్టుకు బయట ధర పలికింది. రాష్ట్ర అటార్నీ జనరల్ జోక్యం చేసుకోవలసి వచ్చింది. మరోవైపు వందల డాలర్లు విరాళం ఇచ్చినవాళ్లకు వరుసతో పని లేకుండా సీటు ఖాయం చేసే ఏర్పాటు సంస్థే పెట్టింది. విరాళాలు రావాలంటే తప్పదంటారు. కానీ ఇది మోజెస్ అడిగిన డాలరే కదా, ఇంకో తలుపు నుంచి వచ్చింది!

ఈ లోపం వాళ్లకు తెలియక కాదు. నగరంలోని ఐదు భాగాల్లోనూ టికెట్లు పంచుతున్నారు. నాటకాన్ని జైళ్లకు, నిరాశ్రయుల వసతి గృహాలకు, బస్తీ కేంద్రాలకు తీసుకుపోయే సంచార బృందం ఉన్నది. 2013లో 'టెంపెస్ట్'తో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఇండ్లల్లో పనిచేసే కార్మికుల సంఘం వంటి సంస్థల నుంచి వచ్చిన సుమారు రెండు వందల మంది మామూలు జనం డెలకోర్ట్ వేదిక ఎక్కి, వృత్తి నటుల పక్కన నిలబడి ఆడారు. వరుసలో నిలబడే తీరిక లేనివాళ్లే స్టేజీ మీదికి వచ్చారు. నాకు తెలిసి పాప్ ఆలోచనకు ఇంతకన్నా దగ్గరి పని ఇంకోటి లేదు.

మనకు తెలిసిన లెక్క

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అని పక్కన పెట్టొద్దు. కళకు ఎవరు పోషకులు అన్న ప్రశ్నకు తెలంగాణ పల్లె ఎప్పుడో ఒక జవాబు చెప్పింది. డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్తారు. పటం కథలు చెప్పే ఇతర కళాకారులూ ఒక్కో వృత్తి కులానికి ఆ కులం కథే చెప్తారు. గింజలో, పైసలో ఇచ్చి ఆ కథను నిలబెట్టింది ఆ కులంవాళ్లే. ఊరి దొర కాదు. ఆ పద్ధతిలో కులం గోడ ఉన్నది, ఆ గోడను ఎవరూ పొగడనక్కర లేదు. కానీ ఒక నిజం మాత్రం దాంట్లో ఉన్నది: వినేవాళ్లే ఇచ్చేవాళ్లయితే కథలో మాట మార్చమనే మూడోవాడు ఉండడు. పుస్తకాల్లోకి ఎక్కని చరిత్రలు వందల ఏండ్లు బతికాయంటే అందుకే బతికాయి.

న్యూయార్క్ కథ నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఇదే. పార్కులో ఎండాకాలం సాయంత్రం నాటకమో పాటో పెట్టాలనుకునే ఏ నగరమైనా, ఏ సంఘమైనా మూడు మాటలు ముందే రాసిపెట్టుకోవాలె. ఒకటి, ప్రవేశం ఉచితం అన్నది పార్కు అనుమతి పత్రంలోనే ఉండాలె, అధికారి మారితే మారొద్దు, దాత అలిగితే పోవద్దు. రెండు, కళాకారుడి కూలి మొదటి ఖర్చు, షామియానా ఆ తర్వాత. మూడు, పెద్ద చెక్కు ఎంత పెద్దదైనా సరే, అది లేకపోయినా ప్రదర్శన ఆడగలిగేటట్టు చిన్న చందాలు, ప్రజానిధులు కలిపి లెక్క వేసుకోవాలె.

దాతలను తిట్టనక్కర లేదు. ఇచ్చిన చేతికి దండం పెడదాం, ఫలక మీద పేరు రాద్దాం. కానీ స్క్రిప్టు ఇంట్లోనే పెట్టి వద్దాం. మోజెస్ ఆనాడు గడ్డి పాడవుతుందన్నాడు. జనం కూర్చున్న గడ్డి ఒక వానకు మళ్లీ మొలుస్తుంది. అడిగిన వాళ్ల కోసం మాట మార్చుకున్న నాటకం మళ్లీ మొలవదు.